సోడియం దీపం కింద నీలం: విశాఖలో ఒక నోయర్ డిటెక్టివ్ సినిమా తీసిన అనుభవం

విశాఖ వన్‌టౌన్, డాబాగార్డెన్స్, ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల రాత్రుళ్లు తీసిన చిన్న బడ్జెట్ నోయర్ (చీకటి, నీడల్లో ఒంటరి మనుషుల నేర కథలు చెప్పే తరహా) డిటెక్టివ్ సినిమా మాది. కథ క్లుప్తంగా ఇదీ. 2011లో కూతురు కనపడటం లేదని ఒక తండ్రి స్టేషన్‌కి వచ్చాడు. అమ్మాయి నీలం చుడీదార్‌లో ఉందని చెప్పాడు. ఆ రాత్రి ఒక అమ్మాయి ఆటో ఎక్కడం చూశానని టీకొట్టాయన కూడా చెప్పాడు. కాకపోతే ఆయన చూసింది నల్ల చుడీదార్. ఆ పిల్ల వేరే అయ్యుంటుందని ఎస్సై ఆ దారి వదిలేశాడు. అమ్మాయి దొరకలేదు. ఆ ఎస్సై ఇప్పుడు ఉద్యోగం మానేసి, డాబాగార్డెన్స్‌లో ఒక మేడ మీది గదిలో ఒక్కడే ఉంటూ, పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు చేసుకుని బతుకుతున్నాడు. అలాంటి ఒక ఎంక్వైరీ ఆయన్ని మళ్లీ అదే వీధికి లాక్కెళ్తుంది. ఆ రాత్రి నీలం నలుపు ఎందుకయిందో అక్కడ ఆయనకి అర్థమవుతుంది.

ఆ ముడి విప్పేది వీధి దీపం. అందుకని మా పని చాలా వరకు దీపాల చుట్టూనే తిరిగింది. కథలోని గతమైనా, మనిషి ఒంటరితనమైనా ఏ దీపం కింద కనిపిస్తున్నాయన్నది ముందు తేల్చుకుంటే తక్కిన నిర్ణయాలు సులువవుతాయి. అది తేలకుండా సెట్లో లైట్లు తగ్గించుకుంటూ పోతే దక్కేది మసక బొమ్మ మాత్రమే.

స్క్రిప్టు సంగతి ముందు. తెలుగు పాఠకుడికి డిటెక్టివ్ అంటే కొమ్మూరి సాంబశివరావు యుగంధర్. యుగంధర్ పక్కన అసిస్టెంట్ రాజు ఉంటాడు. రాజు అడుగుతాడు, యుగంధర్ చెప్తాడు, మనకీ తెలుస్తుంది. నోయర్ డిటెక్టివ్‌కి రాజు ఉండడు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ సీన్లు రాయడం మొదలుపెట్టాక అసలు కష్టం ఇక్కడే అని తెలుస్తుంది. అతను ఏమనుకుంటున్నాడో ఎవరికి చెప్తాడు? వెంటనే చేతికి దొరికేది వాయిస్ ఓవర్. మేము పెట్టుకున్న నియమం ఒకటే: తెర మీద కనిపిస్తున్న దాన్ని వాయిస్ ఓవర్ చెప్పకూడదు. అతను మెట్లెక్కుతుంటే మెట్ల గురించి మాట్లాడకూడదు, క్లయింటుకి పంపే రిపోర్టులోని వాక్యం వినిపించాలి. 'అబ్బాయికి చెడు అలవాట్లు లేవు. నెల జీతం చెప్పినంత లేదు.' ఆ పొడిపొడి రిపోర్టు భాషే మనిషిని పట్టిస్తుంది.

రెండోది, మన డిటెక్టివ్ ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్నది. మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్ వృత్తికి విడిగా లైసెన్సు చట్టం లేదు. 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. బోర్డు ఎవరైనా కట్టుకోవచ్చు, ఆ బోర్డుతో వచ్చే అధికారం మాత్రం సున్నా. కాల్ డేటా కావాలంటే పోలీసుల్లోనే ఎస్పీ స్థాయి అధికారి అడగాలి. బయటివాడు సంపాదిస్తే కేసు అతని మీదే అవుతుంది. 'సైబర్ సెల్‌లో నా ఫ్రెండున్నాడు' అన్న డైలాగు ఒక్కసారి రాశామంటే ఆ తర్వాత వచ్చే ప్రతి చిక్కునీ ఆ ఫ్రెండే విప్పుతాడు, మన హీరో ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు.

ఇక అతని చేతిలో మిగిలేవి ఇవీ: సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఈసీ, ఈ-కోర్ట్స్‌లో పేరు కొట్టి చూసే పాత కేసులు, 2016 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పోలీసు వెబ్‌సైట్లో పెడుతున్న ఎఫ్‌ఐఆర్‌లు, కిరాణా కొట్టు సీసీ కెమెరా, వాచ్‌మన్, ఇస్త్రీ బండి. మా వాడు ముందు వెళ్లేది ఇస్త్రీ బండి దగ్గరికే. ఏ ఇంట్లో ఎవరు ఆఫీసుకెళ్తున్నారో, ఎవరి చొక్కాలు రావడం మానేశాయో అక్కడ తెలిసినంత ఎదురింట్లో తెలియదు. సీసీ కెమెరా కథకి ఇంకో మేలు చేస్తుంది. చిన్న కొట్ల డీవీఆర్ హార్డ్ డిస్క్ రెండు మూడు వారాలకి నిండి పాతది చెరిపేసుకుంటుంది కాబట్టి గడువు దానంతట అదే వచ్చేస్తుంది, విలన్ వచ్చి బెదిరించక్కర్లేదు.

కాగితాల్లో తప్పు చేస్తే మాత్రం జనం ఇట్టే పట్టేస్తారు. భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది 2024 జులై 1న. 2011 ఫైలులో హత్య అంటే 302, కిడ్నాప్ అంటే 363. ఇప్పటి ఎఫ్‌ఐఆర్‌లో అవే 103, 137. విశాఖ బండి నంబరు అప్పుడు ఏపీ 31, 2019లో కొత్త బండ్లకి ఏపీ 39 వచ్చింది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి గోడకి అంటించాం.

గతాన్ని ఎక్కడ ఎంత చెప్పాలన్న దాని మీద చాలా సమయం పెట్టాం. ఇలాంటి కథల్లో మామూలుగా జరిగేది ఏమిటంటే, ప్రీ క్లైమాక్స్‌లో హీరో తాగి, ఎవరికో ఒకరికి మొత్తం చెప్పేస్తాడు. అయిదు నిమిషాల డైలాగు, నటుడికి మంచి పేరు, కథకి పెద్ద గుంత. మేము ఒకే రాత్రిని నాలుగు ముక్కలు చేశాం. 96 పేజీల స్క్రిప్టులో 14, 37, 61, 82 పేజీల దగ్గర అవి వస్తాయి. ప్రతి ముక్కా మొదటి నుంచే మొదలై, ముందుదాని కంటే కొంచెం ముందుకెళ్లి ఆగుతుంది. మొదటిసారి తండ్రి స్టేషన్ మెట్లెక్కేదాకా. చివరిసారి ఎస్సై టీకొట్టాయన మాట రాసుకుని, పెన్నుతో కొట్టేసేదాకా. ఇలా చేస్తే ఎడిటింగ్‌లో ఏ ముక్కా తీసేయడానికి లేదు, అది ముందే తెలిసి ఒప్పుకోవాలి. ఒక ముక్క పోతే తర్వాతిది అర్థం కాదు.

ఇప్పుడు దీపాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లూ స్తంభాలూ కూలాయి. ఆ తర్వాత నగరంలో వీధి దీపాలు ఎల్‌ఈడీకి మారాయి. అంటే విశాఖ రాత్రికి రెండు రంగులున్నాయి: తుపానుకి ముందు నారింజ, తర్వాత తెలుపు. ఫ్లాష్‌బ్యాక్‌ని బ్లాక్ అండ్ వైట్ చేయడం, అంచులు మసకబార్చడం లాంటి అవసరమే మాకు రాలేదు. ఇంకో సంగతి, 2011 వీధికి చెట్లు కావాలి. పాత వీధిని చూపించేటప్పుడు దీపానికీ మనిషికీ మధ్య కొమ్మలు రావాలి. లొకేషన్‌లో చెట్టు లేకపోతే వేప కొమ్మలు నరికించి, స్టాండ్‌కి కట్టి, దీపం ముందు అయిదారు అడుగుల్లో పెట్టించాం. కొమ్మ రెండు గంటల్లో వాడిపోయి ఆకుల నీడ మారిపోతుంది, కాబట్టి బకెట్ నీళ్లలో ఇంకో జత ఉంచుకోవాలి.

హై ప్రెషర్ సోడియం దీపం రంగు ఉష్ణోగ్రత 2000 కెల్విన్ చుట్టుపక్కల ఉంటుంది. రంగుల్ని సరిగ్గా చూపించే గుణం, అంటే సీఆర్‌ఐ, 25 దరిదాపుల్లోనే. దాని వెలుగులో నీలం దాదాపు ఉండదు. నీలం బట్ట వెనక్కి తిప్పి పంపడానికి నీలపు వెలుగే లేనప్పుడు అది నల్లగా కనపడక చస్తుందా! కుంకుమ బొట్టు గోధుమ రంగులోకి పోతుంది. మా కథకి కావలసింది ఇదే. ఇది ప్రేక్షకుడి కంటి ముందు జరగాలి, నమ్మేలా జరగాలి.

మూడు దారులున్నాయి. ఆర్‌జీబీ ఎల్‌ఈడీ ప్యానెల్‌ని నారింజకి తిప్పడం అందరికీ తెలిసింది. అది ఎరుపు, ఆకుపచ్చ డయోడ్లు కలిపి ఆ రంగు తెస్తుంది కాబట్టి ఎరుపు ఎక్కువైపోతుంది. బొట్టు, పెదవులు వెలిగిపోతాయి, ముఖం ప్లాస్టిక్‌లా వస్తుంది. నీలం నల్లబడుతుంది గానీ పక్కనున్న ఎరుపు నిజం చెప్పేస్తుంది. రెండోది, 1కె టంగ్‌స్టన్ లైటుకి లీ 652 అర్బన్ సోడియం జెల్ (లైటు ముందు పెట్టే రంగు ప్లాస్టిక్ కాగితం) వేయడం. గోడలకి, దూరపు నేపథ్యానికి ఇది చక్కగా కుదురుతుంది. జెల్ సగానికి పైగా వెలుగు తినేస్తుంది, లైటు ముందుండే రెక్కలకి, అంటే బార్న్‌డోర్‌కి, మరీ దగ్గరగా క్లిప్ చేస్తే మధ్యలో తెల్లగా వెలిసిపోతుంది. అరడుగు ఎడం ఇవ్వాలి. మూడోది అసలు దీపమే పెట్టేయడం. ముఖాలకి, చుడీదార్ షాట్లకి మేము ఎలక్ట్రికల్ షాపులో దొరికే 250 వాట్ల సోడియం దీపమే వాడాం. ఇ40 హోల్డర్, చోక్, ఇగ్నైటర్ అన్నీ కలిపి ఒక డబ్బాలో బిగించి, 20 అడుగుల పరంజా మీద పెట్టించాం. మున్సిపల్ స్తంభం జోలికి మాత్రం పోకూడదు.

ఆ దీపంతో పని చేయాలంటే ఓపిక కావాలి. స్విచ్ వేశాక పూర్తి వెలుగు రావడానికి నాలుగైదు నిమిషాలు. మొదట్లో గులాబీ, ఆ తర్వాత పసుపు, చివరికి నారింజ. ఈ మధ్యలో షాట్ తీస్తే ఎడిటింగ్‌లో రంగు కలవదు. ఒకసారి ఆర్పితే చల్లారేదాకా మళ్లీ వెలగదు, కాబట్టి భోజనాల బ్రేక్‌లో కూడా వెలుగుతూనే ఉండనివ్వాలి. చోక్ 'గుయ్' మని మోగుతుంది. దాన్ని పొడవాటి వైరుతో దూరంగా, ఇసుక బస్తాల వెనక పెట్టకపోతే సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే రికార్డు చేసే శబ్దం) పాడవుతుంది.

వైట్ బ్యాలెన్స్ ఎప్పుడూ చేత్తో పెట్టుకోవాలి. గతానికి 3200, వర్తమానానికి 4300 పెట్టి సినిమా మొత్తం మార్చలేదు. ఆటోమేటిక్‌లో వదిలేస్తే కెమెరా మహా తెలివిగా ఆ నారింజని సరిచేయబోతుంది, నారింజ పోయి చర్మం బూడిద రంగుకి వస్తుంది.

బట్ట ఎంపిక దీనికంటే చిక్కు. అన్ని నీలాలూ నలుపు కావు. నేవీ బ్లూ కాటన్ చక్కగా నల్లబడింది. మెరుపున్న పాలిస్టర్ అయితే దీపాన్నే అద్దంలా చూపించి నారింజ గీతలు తెస్తుంది. ఊదా కలిసిన నీలం గోధుమ రంగుకి పోతుంది. తెల్ల చున్నీ వేస్తే పక్కన పోల్చి చూసుకోవడానికి ఆనవాలు దొరికిపోతుంది, అందుకే చున్నీ కూడా అదే రంగు. కాస్ట్యూమ్స్ వాళ్లు షాపు ట్యూబ్‌లైటు కింద చూసి కొనుక్కురావడం ఇక్కడ పనికిరాదు. అరమీటరు చొప్పున ముక్కలు తెచ్చి, దీపం కింద కెమెరాతో తీసి చూసి, అప్పుడు కుట్టించాలి.

ఇప్పటి కాలానికి లైటింగ్ పెద్దగా చేయలేదు. కొత్త వీధి దీపాల కిందే తీశాం. కెమెరా సోనీ ఎఫ్‌ఎక్స్3. దానికి ఎస్-లాగ్3లో (రంగులు తర్వాత సరిదిద్దుకునేలా రికార్డు చేసే పద్ధతిలో) రెండు బేస్ ఐఎస్‌ఓలు, అంటే వెలుగుకి స్పందించే స్థాయిలు, ఉన్నాయి, 800, 12800. రోడ్డు మీద 10 లక్స్ వెలుగు పడుతుంటే 12800 దగ్గర, 1/50 షట్టర్‌కి లెన్స్ టీ3.2 వరకు తెరిస్తే ఎక్స్‌పోజర్ వచ్చేస్తుంది. ఇది వినడానికి బాగుంటుంది, చిక్కంతా అందులోనే ఉంది. 12800లో అన్నీ కనిపిస్తాయి: వెనక అపార్ట్‌మెంట్లు, ఆకాశం మీద నగరం వెలుగు, పార్క్ చేసిన స్కూటర్లు. నోయర్ కాస్తా న్యూస్ ఛానల్ లైవ్ అయిపోతుంది. అందుకే బేస్ 12800లో ఉంచి ఈఐ (వెలుగు లెక్కకి వాడే ఐఎస్‌ఓ అంకె) 6400కి లెక్క కట్టాం, అంటే నటుడి మీద ఒక స్టాప్ ఎక్కువ, రెట్టింపు వెలుగు పోశాం. గ్రేడింగ్‌లో (షూటింగ్ అయ్యాక రంగు, వెలుగు సరిదిద్దే పనిలో) మొత్తం కిందికి దించితే ముఖం సరైన చోట నిలబడుతుంది, వెనకున్నవి మునిగిపోతాయి, నలుపులో నాయిస్ ఉండదు. నలుపు కావాలని కెమెరాలోనే అండర్ ఎక్స్‌పోజ్ చేసినవాళ్ల ఫుటేజి గ్రేడింగ్‌లో చీమలు పాకినట్టుంటుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 24 ఫ్రేములకి అలవాటుగా వాడే 1/48 పెడితే తెర మీద సన్నటి అలలు పాకుతాయి. 1/50 పెట్టాలి, అంటే 172.8 డిగ్రీలు. 25 ఫ్రేములకి తీస్తే ఈ గొడవ లేదు కానీ డీసీపీ (థియేటర్‌కి ఇచ్చే డిజిటల్ కాపీ) దగ్గర తలనొప్పి. చౌక ఎల్‌ఈడీ సైన్‌బోర్డులు 1/50కి కూడా లొంగవు. ఫ్రేములో మెడికల్ షాపు బోర్డుంటే ముందు పది సెకన్లు తీసి చూసుకోవాల్సిందే.

ఎల్‌ఈడీ స్తంభం కింద నటుణ్ణి నిలబెడితే కళ్లు రెండు గుంతలవుతాయి. స్తంభం వెనకుండేలా ఎనిమిది పది అడుగులు ముందుకి తెస్తే అదే దీపం జుట్టుకి, భుజాలకి అంచు కడుతుంది. ముందు నుంచి స్కిమ్మర్ (వెలుగుని మెత్తబరిచే తెర) గుండా చిన్న లైటు. కీ (ప్రధాన వెలుగు), ఫిల్ (నీడల్ని నింపే వెలుగు) మధ్య మూడు స్టాపుల తేడా, అంటే 8:1. క్లైమాక్స్ రాత్రికి నాలుగు స్టాపులు, 16:1. చామనఛాయ ముఖాలకి ఫిల్ పెంచడం కంటే పక్క వెనక నుంచి పెద్ద మెత్తటి వెలుగు ఇచ్చి చర్మం మెరుపుని పట్టుకోవడం మంచి పద్ధతి. విశాఖ ఉక్కపోతలో మేకప్‌మన్‌కి గ్లిజరిన్ పని కూడా ఉండదు.

డిటెక్టివ్ గదికి వద్దాం. నోయర్ అనగానే కిటికీకి వెనీషియన్ బ్లైండ్స్ గుర్తొస్తాయి. డాబాగార్డెన్స్ మేడ గదిలో అవెక్కడివి? ఊచల కిటికీ, సిమెంటు జాలీ ఉన్నాయి, వాటి నీడలు చాలు. కానీ ఊచల నీడ గోడ మీద పడాలంటే లెక్క తెలియాలి. నీడ అంచు మసక ఎంతుంటుందో తెలియాలంటే, లైటు ముఖం వెడల్పుని కిటికీ నుంచి గోడ దూరంతో గుణించి, లైటు నుంచి కిటికీ దూరంతో భాగించాలి. 12 అంగుళాల ఫ్రెనెల్ (ముందు లెన్స్ ఉన్న లైటు) కిటికీకి 12 అడుగుల దూరంలో ఉండి, గోడ 6 అడుగుల్లో ఉంటే మసక 6 అంగుళాలు. అరంగుళం ఊచ అందులో కనపడకుండా పోతుంది. ఫ్రెనెల్ తీసేసి 2 అంగుళాల సీఓబీ (ఒకే ముద్దగా వెలిగే చిప్) ఎల్‌ఈడీని ఏ అటాచ్‌మెంటూ లేకుండా పెడితే అంగుళానికి దిగుతుంది. లైటుని ఎదురు డాబా మీదికి, 24 అడుగుల దూరానికి తీసుకెళ్తే అరంగుళం. అప్పటికీ ఊచ నీడ పల్చగానే పడుతుంది. అందుకని కిటికీ బయట 2 అంగుళాల అట్టముక్కలు 3 అంగుళాల ఎడంతో కట్టాం. తెర మీద అవి ఊచలే.

ఒంటరితనాన్ని చూపించడానికి విస్కీ గ్లాసు, కిటికీ దగ్గర వీపు, ఖాళీ మంచం లాంటివి చూసీచూసీ విసుగొచ్చింది. మన ఊళ్లలో ఒంటరి మగాడి రాత్రి భోజనం ఎక్కడుంటుంది? కర్రీ పాయింట్‌లో. అన్నం ఇంట్లో వండుకుంటాడు, కూర కొనుక్కుంటాడు. మా వాడు కుక్కర్‌లో ముప్పావు గ్లాసు బియ్యం పోస్తాడు. కవరు ముడి వేళ్లకి రాదు, పళ్లతో కొరికి విప్పుతాడు. కవరు మూల రెండు వేళ్లతో పట్టుకుని పప్పు చివరిదాకా కంచంలోకి పిండుతాడు. టీవీ పెడతాడు, చూడడు. ఒకే షాట్, 50 ఎంఎం, గుమ్మం బయటి నుంచి. వెలుగు వంటింటి ట్యూబ్‌లైటు ఒక్కటే. అన్నం ఆవిరి కనపడాలంటే వెనక నుంచి వెలుగు రావాలి, దాని వెనక గోడ ముదురు రంగులో ఉండాలి. అన్నం చల్లారితే షాట్ పోయినట్టే, అందుకే పక్క గదిలో ఇంకో కుక్కర్ పొయ్యి మీదే ఉంచాం.

ఇంకో నియమం కెమెరాకి పెట్టాం. డిటెక్టివ్ ఉన్న సీన్లలో ఓవర్ ది షోల్డర్ షాట్ వద్దు. ఆ షాట్‌లో ఎదుటి మనిషి భుజం ఎలాగూ ఫ్రేములో ఉంటుంది, ఇద్దరూ ఒకచోట ఉన్నట్టు అనిపిస్తుంది. అందరితోనూ సింగిల్స్‌లోనే మాట్లాడతాడు. మొదటిసారి అతని ఫ్రేములోకి ఇంకొకరి భుజం వచ్చేది చివర్లో, ఆ అమ్మాయి తండ్రి ఎదురుగా కూర్చున్నప్పుడు. ప్రేక్షకుడు దీన్ని గుర్తుపట్టక్కర్లేదు. ఎడిటర్ మాత్రం షూటింగ్ మొదటి వారంలోనే గొడవపెట్టుకుంటాడు, రియాక్షన్ కలపడానికి భుజం షాటు లేదని. అతనికి ముందే చెప్పి ఉంచాలి.

తడి రోడ్డు గురించి క్లుప్తంగా. 100 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు రోడ్డంటే 700 చదరపు మీటర్లు. పొడి తారుకి మొదటిసారి చదరపు మీటరుకి రెండు లీటర్ల లెక్కన 1400 లీటర్లు పోతాయి. వేసవిలో అరగంటకే ఆరిపోతుంది, మళ్లీ కొట్టాలి. 5000 లీటర్ల ట్యాంకర్ రాత్రికి ఒకటి చాలదు, రెండు చెప్పుకోవాలి. కెమెరా నేలకి రెండడుగుల్లో ఉండి, వెలుగు ఎదురుగా వస్తేనే తడి మెరుస్తుంది. లైటు కెమెరా వైపు నుంచే వేస్తే ఎన్ని నీళ్లు పోసినా రోడ్డు నల్లగానే ఉంటుంది, డబ్బు కాలవలో పోతుంది.

పొగకి హేజర్ (పల్చటి పొగ వదిలే యంత్రం) అద్దెకి దొరక్కపోతే సాంబ్రాణి వేస్తారు. తెల్లగా, దట్టంగా వస్తుంది గానీ ఎక్కడికక్కడ గుత్తులుగా నిలబడుతుంది, షాటుకీ షాటుకీ ఒకేలా ఉండదు. గదిలో పావుగంట అయితే నటుడి కళ్లెర్రబడి లేని దుఃఖం వస్తుంది. హేజర్ అయితే ఫ్యాన్, ఏసీ ఆపేసి, తలుపులు మూసి, పొగ సమంగా పరుచుకునేదాకా ఆగాలి.

కరెంటు విషయంలో లెక్క సులభం. ఇంట్లో 6 యాంపుల సాకెట్ 230 వోల్టుల దగ్గర 1380 వాట్లకి మించి ఇవ్వదు. 600 వాట్ల ఎల్‌ఈడీ దాదాపు 720 లాగుతుంది. సాకెట్‌కి ఒకటే. రెండోది పెడితే ఇంటివాళ్ల ఫ్యూజు పోతుంది, లొకేషనూ పోతుంది.

అనుమతులు ఒకచోట దొరకవు. రోడ్డుకి పోలీసు, మున్సిపల్ కార్పొరేషన్, బీచ్, పార్కుల వైపు వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ), పోర్టు గోడ లోపలైతే పోర్టు అథారిటీ. నేవీ ఉన్న ఊరు కాబట్టి డ్రోన్ షాట్ స్క్రిప్టు నుంచే తీసేయడం మంచిది. విశాఖలో డిసెంబరులో అయిదున్నరకల్లా సూర్యాస్తమయం. మే, జూన్‌లలో తెల్లవారుజామున అయిదుకే వెలుతురు వచ్చేస్తుంది. ఒకే బడ్జెట్‌కి శీతాకాలంలో రాత్రి రెండు గంటలు ఎక్కువ దొరుకుతుంది.

శబ్దం దగ్గర మేము ఎక్కువ ఖర్చు పెట్టాం. మన సినిమాల్లో డబ్బింగ్ అలవాటు, కానీ ఒంటరి గదికి డబ్బింగ్ చెప్తే మనిషి చుట్టూ గాలి ఉండదు. గదిలో సింక్ సౌండే తీసుకున్నాం. ప్రతి లొకేషన్‌లో అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం రూమ్ టోన్ (మాటల్లేనప్పుడు ఆ చోట వినిపించే శబ్దం) రికార్డు చేయాలి. ఫ్రిజ్ ఆపి డైలాగు తీసి, ఫ్రిజ్ శబ్దం విడిగా తీసుకోవాలి. పక్కింటి టీవీ సీరియల్ మాత్రం మేమే రాసి, రికార్డు చేయించుకున్నాం. నిజం సీరియల్ వినపడితే హక్కుల సమస్య. సముద్రం దగ్గర సింక్ సౌండ్ ఆశ వదులుకోవాలి. అలల హోరు ఒక్కో టేకులో ఒక్కోలా ఉండి కట్ చేసిన ప్రతిచోటా ఎగిరిపడుతుంది. హార్బర్ సీన్లు డబ్బింగే చేశాం.

సిగరెట్టు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. పొగాకు కనిపించినంతసేపూ ఫ్రేము కింద హెచ్చరిక ఉండాలి, అదీ తెల్లటి నేపథ్యం మీద నల్లటి అక్షరాలతో. చీకటి ఫ్రేములో అంతకంటే వెలుగున్న వస్తువు ఇంకేదీ ఉండదు, కళ్లు అక్కడికే పోతాయి. పైగా సినిమా మొదట్లో, మధ్యలో 30 సెకన్ల ప్రకటనలు, 20 సెకన్ల డిస్‌క్లెయిమర్. 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీకి కూడా ఇదే నియమం. అందుకే మా వాడు సిగరెట్టు ముట్టడు, టీ తాగుతాడు. ఆవిరి వెనక దీపం పెడితే పొగ చేసే పని ఆవిరీ చేస్తుంది. పెంపుడు పిల్లిని కూడా ఇలాగే తీసేశాం. జంతువుని నటింపజేస్తే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే తీసుకోవాలి, ఒక్క షాటుకి అంత తతంగం దండగ. సెన్సార్‌కి వెళ్లేటప్పుడు ఇప్పుడు యూఏలో 7, 13, 16 అని మూడు మెట్లున్నాయి. ఇలాంటి కథ 13కీ 16కీ మధ్య ఊగుతుంది, శవం ముఖం చూపించాలా వద్దా అన్నది ఎడిటింగ్‌లోనే తేల్చుకోవడం నయం.

చివరి పని గ్రేడింగ్. డావిన్చి రిజాల్వ్‌లో చేశాం. థియేటర్ తెర ప్రమాణం 48 నిట్లు (తెర వెలుగు కొలత), గామా (చీకటి నుంచి వెలుగుకి ఛాయలు మారే తీరు) 2.6. ల్యాంప్ పాతబడిన సింగిల్ స్క్రీన్‌లో అంత వెలుగు రాదు. స్టూడియోలో ముచ్చటగా కనపడిన నలుపు అక్కడ బురదవుతుంది. అందుకే డీసీపీని ఖరారు చేసే ముందు ఒక మామూలు హాల్లో, ఉదయం ఆట మొదలవకముందు, అత్యంత చీకటి సీన్లు మాత్రం వేయించుకుని చూడాలి. చూసేది ఒకటే: చివరి వరసలోంచి నటుడి కళ్లు కనపడుతున్నాయా. కనపడకపోతే సీన్ మొత్తం పెంచకుండా కళ్ల చుట్టూ ఒక విండో గీసి అక్కడ మాత్రం కొద్దిగా ఎత్తాలి.

ఓటీటీ కాపీకి 100 నిట్లు, గామా 2.4 దగ్గర విడిగా గ్రేడ్ చేయాలి. తక్కువ బిట్‌రేట్‌లో చీకటి గోడల మీద మెట్లు మెట్లుగా పట్టీలు పడతాయి, సన్నటి గ్రెయిన్ కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. జనం ఫోన్లో, పగటి వెలుగులో చూస్తారని రాత్రి సీన్లన్నీ అరస్టాపు పైకి లేపాం. చుడీదార్ షాట్లు మాత్రం లేపలేదు. అక్కడ నీడలు ఎత్తి, నారింజ కాస్త తగ్గించగానే బట్టలోంచి నీలం పైకొస్తోంది. టీకొట్టాయనకి ఆ రాత్రి కనపడని రంగు ప్రేక్షకుడికి ముందే కనపడకూడదు కదా.